ఉప్పు ఆడది, రొట్టె మగవాడు

ఆ రోజుల్లో మా పల్నాటికి తెలిసిన భాషలు మూడే. బజార్లో తెలుగు, మా సాయిబుల ఇళ్లలో ఉర్దూ, బంగళాల్లో దొరల భాష. తెల్లవాళ్లలో రకరకాల దేశాలవాళ్లుంటారనీ, ఒకడి మాట ఇంకొకడికి అర్థం కాదనీ మాకు చెప్పినవాడు లేడు. మేం అడిగిందీ లేదు. తెల్లగా ఉన్నవాడు నోరు తెరిస్తే వచ్చేది ఇంగ్లీషు, అంతే. ఇప్పటివాళ్లకి ఇది నవ్వులాటగా ఉంటుంది. నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. నేను మాత్రం ఆ నమ్మకం మీద నా పెళ్లినే పందెం పెట్టాను.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. రెండో యుద్ధం నడుస్తోంది. మా అబ్బా మాచర్ల స్టేషనుకి నాపరాళ్ల బండి తోలేవాడు. నేను బడి మొహం చూడలేదు. బడి కూడా నా మొహం చూడాలని పట్టుబట్టలేదు. పెళ్లిళ్లలో పెద్ద డేగిశాల దగ్గర గరిటె తిప్పడం మాత్రం బాగా వచ్చు. మా అమ్మీ తమ్ముడు, అంటే మా మామూ, గురజాల బంగళాలో బిళ్ల బంట్రోతు. ఛాతీకి అడ్డంగా ఎర్రపట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ల. ఆ బిళ్ల తోమడానికి ఆయన వాడిన చింతపండుతో ఒక ఊరు చారు కాచుకోవచ్చు. ఆ బంగళాకి క్యాంపు వచ్చే దొరలకి వండిపెట్టే బట్లరు తాతకి చూపు మందగించింది. ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు. దొరలు భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో మర్నాడు పొద్దుటికి మాచర్ల బజారంతా తెలిసేది. ఎవరికి బదిలీ అయిందో ఆ బదిలీ అయినవాడికంటే ముందు కిళ్లీ కొట్టువాడికి తెలిసేది. అదీ ఆ ఉద్యోగం దర్జా.

ఆ పని నాకిప్పించాలని మామూ పంతం. ఎందుకంటే ఆయనకొక కూతురుంది, నేను మేనల్లుణ్ణి. మా వాళ్ల లెక్కలో మిగతాది చెప్పక్కర్లేదు. కానీ మామూ చెప్పాడు.

"ఒరేయ్, బట్లరు పని నీకొస్తేనే పిల్లనిస్తా. ఆ పని రావాలంటే ఇంగ్లీషు రావాల. ముందు ఇంగ్లీషు తెచ్చుకో, తర్వాత నిఖా మాటెత్తు."

పరదా వెనకనుంచి ఆయన కూతురు అంది: "ఇంగ్లీషు తిని బతుకుతామా అబ్బా? కూర వండటం వచ్చో రాదో అడగరాదా?"

"నువ్వు లోపలికి పో."

"లోపలే ఉన్నా."

(ఇన్నేళ్లయినా ఆవిడ తీరు మారలేదు. ఈ ముక్కలు నేను రాస్తుంటే, "నా గురించి ఏం రాస్తన్నావు?" అని వంటింట్లోంచి ఇప్పటికి రెండుసార్లు అడిగింది. లోపల్నుంచే.)

ఇంగ్లీషు ఎక్కడ దొరుకుతుందా అని వాకబు చేస్తే, కారంపూడి అవతల ఒక పల్లెలో పాదిరిగారున్నారనీ, వంటమనిషి నిలవడం లేదనీ తెలిసింది. ఆయన బొంబాయి వైపు ఎక్కడో ఉండేవారట. ఊపిరితిత్తులు చెడితే, పొడిగాలి ఉన్నచోటికి పొమ్మని వైద్యుడెవరో పల్నాడు పంపాడు. మా ఎండ సంగతి ఆ వైద్యుడికి తెలియదనుకుంటా, లేకపోతే ఆయనకీ పాదిరిగారికీ ఏదైనా పాత కక్ష ఉండి ఉండాలి. మనిషి సన్నగా, పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఉండేవారు. తెలుగు మాట్లాడేవారు గానీ, ఎప్పటిదో పాత పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్న తెలుగు. కుక్క మీదికి వస్తే "శునకమా, తొలగుము" అనేవారు. కుక్కలు తొలిగేవి కావు, నిలబడి వినేవి.

వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "దొరగారూ, తమ వంట నేను చేస్తానండి. జీతం సంగతి తర్వాత. తమ భాష నాకు నేర్పాలండి" అన్నాను.

ఆయన కళ్లజోడు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకుని నావంక చూశారు.

"నా భాషయా? నీవు కోరునది నా భాషయేనా?"

"తమదేనండి."

"ఏల?"

"బతకడానికండి."

 ఆయన లేచి లోపలికెళ్లి ఒక రొట్టెముక్క తెచ్చి నా అరచేతిలో పెట్టి, "ఎల్ పాన్" అన్నారు. (మన కిళ్లీ కాదు, రొట్టె.) అలా మొదలైంది నా చదువు.

నాకు అక్షరాలు రావు గనక పాఠమంతా వంటింట్లోనే. వస్తువు చేతిలో పెట్టడం, పేరు చెప్పడం, నాచేత అనిపించడం. గుడ్డు ఎల్ వేవో. పాలు లా లెచే. ఉల్లిపాయ లా థెబోల్యా. బియ్యం ఎల్ అర్రోథ్. ఆ అర్రోథ్‌లో నాలుక మీద 'ర'కారం గిర్రున తిరగాలి. పుట్టిన దగ్గర్నుంచీ ఎడ్లని అదిలించే ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకది ఒక లెక్కా? మొదటిసారే "అర్ర్ర్రోథ్" అన్నాను. బయట మేస్తున్న ఎద్దు ఒకటి నడక మొదలుపెట్టింది. పాదిరిగారు చప్పట్లు కొట్టారు. "బొంబాయి నగరమందలి విద్వాంసులకును ఇది సాధ్యము కాలేదు" అన్నారు.

చిక్కల్లా ఆ 'ఎల్' దగ్గరా 'లా' దగ్గరా వచ్చింది. ఆ భాషలో ప్రతి వస్తువూ మగో ఆడో అయి తీరాలి. ఎల్ అంటే మగ, లా అంటే ఆడ. ఇది విని తెలుగువాడైతే ఆశ్చర్యపోయేవాడు, నేను పోలేదు. మా ఉర్దూలోనూ అంతే గదా. కానీ అసలు కష్టం అక్కడే. మా ఇంట్లో రొట్టె ఆడది, ఉప్పు మగవాడు. పాదిరిగారి దగ్గర రొట్టె మగవాడు, ఉప్పు ఆడది. మా ఇంట్లో మగపాలు, ఇక్కడ ఆడపాలు. మాంసం మాకు మగ, వీళ్లకి ఆడ. నేను రోజూ తప్పు చెప్పడం, ఆయన రోజూ తల అడ్డంగా ఊపడం. పది రోజులకి విసుగొచ్చి, వంటింటి గోడకున్న రెండు అరల్నీ ఖాళీ చేసి, పై అర మగవాళ్లకీ కింది అర ఆడవాళ్లకీ కేటాయించాను. పైన రొట్టె, బియ్యం, నూనె, పంచదార, వెల్లుల్లి, గుడ్లు. కింద ఉప్పు, పాలు, ఉల్లిపాయలు, మాంసం, పిండి. చెయ్యి పైకి లేస్తే ఎల్, కిందికి దిగితే లా. ఇక తప్పు రాలేదు. పాదిరిగారు వచ్చి చూసి, "ఇది ఎట్టి అమరిక?" అని అడిగారు. చెప్పాను. ఆయన పైఅర చూసి, కిందిఅర చూసి, "మా వ్యాకరణవేత్తలెవ్వరును అలమరను గూర్చి యోచింపలేదు" అన్నారు.

రెండు వస్తువుల దగ్గర మాత్రం పేచీ పడింది. ఒకటి మంచినీళ్లు. అది ఆడదేనట, కానీ పేరు ముందు మగవాడి 'ఎల్' పెట్టుకుంటుందట. ఎందుకండీ అంటే చెవికి ఇంపుగా ఉండటానికన్నారు. మగవాడి తలపాగా చుట్టుకున్న ఆడమనిషిని ఏ అరలో పెట్టను? కుండని రెండు అరలకీ దూరంగా నేలమీద పెట్టేశాను. రెండోది గోంగూర పచ్చడి. దానికి వాళ్ల భాషలో పేరే లేదు. ఆడో మగో తేలాలంటే రుచి చూడాలన్నారు. చూశారు. మా అమ్మీ పంపిన పచ్చడి, పచ్చిమిరపకాయలు దండిగా వేసింది. ఆయన మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, రెండు చెంబుల నీళ్లు తాగి కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. "స్త్రీ" అన్నారు చివరికి. "సందేహము లేదు. మా అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చినది."

ఇంకొక పాఠం కూడా చెప్పాలి. ఆ భాషలో 'నేను ఫలానా' అనడానికి రెండు తోవలున్నాయి. ఎప్పటికీ ఉండేదానికి ఒక మాట, ప్రస్తుతానికి మాత్రమే ఉండేదానికి ఇంకొక మాట. నేను వంటవాణ్ణి అంటే మొదటిది, అలిసిపోయాను అంటే రెండోది. నేను అడిగాను: "బీదవాణ్ణి అనాలంటే ఏది వాడాలండి?" పాదిరిగారు ఆలోచించారు. "వ్యాకరణరీత్యా మొదటిది" అన్నారు. మళ్లీ కళ్లజోడు సర్దుకుని, "నీవు మాత్రము రెండవదియే వాడుము" అన్నారు.

యుద్ధం రోజులు గనక మేం అన్నిటికంటే ఎక్కువగా వాడిన మాట 'నో ఆయ్'. అంటే లేదు. పంచదార ఉందా? నో ఆయ్. గోధుమపిండి? నో ఆయ్. కిరసనాయిలు? నో ఆయ్. పిండి లేని రోజుల్లో నేను జొన్నరొట్టె కొట్టి పెడితే, ఆయన దాన్ని కూడా 'ఎల్ పాన్' అనే పిలిచి తినేవారు. మర్యాదస్థుడు. తినేముందు నేను తప్పకుండా "ఎస్తా బియెన్ దె సాల్?" అని అడగాలి. ఉప్పు సరిపోయిందా అని. అడగకపోతే ముద్ద ముట్టుకునేవారు కాదు. ఆయనకి ఉప్పు మీద ఇంత పట్టింపేందా అని నేననుకునేవాణ్ణి.

నాలుగు నెలలకి నా ఇంగ్లీషు సంగతి మాచర్ల దాకా పాకింది. శుక్రవారం ఇంటికొస్తే బజార్లో నలుగురూ నిలేసి అడిగేవాళ్లు. ఒకసారి కిరాణా శెట్టిగారి కొట్టు ముందు పరీక్ష జరిగింది. శెట్టిగారి అల్లుడు నరసరావుపేటలో హైస్కూలు చదువు చదివి వచ్చి అరుగు మీద కూర్చునున్నాడు.

"ఒరేయ్ సాయిబూ, ఉల్లిపాయనేమంటారా ఇంగ్లీషులో?" అన్నారు శెట్టిగారు.

"లా థెబోల్యా."

అల్లుడుగారు నవ్వాడు. "ఆనియన్ అంటారు మామయ్యా. వీడేదో కూస్తన్నాడు."

శెట్టిగారు ఇద్దర్నీ చూశారు. అల్లుణ్ణి కాదనడానికి లేదు, వచ్చి రెండు రోజులే అయింది. నెమ్మదిగా అన్నారు: "అల్లుడుగారూ, తమరు చదివింది మన అయ్యవార్ల దగ్గర. వీడు నేర్చింది దొర నోట్లోంచి ఊడిపడ్డది. అయ్యవారికి మాత్రం దొర ముందు కూర్చుని ఉల్లిపాయ తరిగే యోగం ఎక్కడిదండీ?" అరుగు మీదున్నవాళ్లంతా నిజమేనన్నారు. ఆ పూట నుంచి అల్లుడుగారు కూడా అనుమానంలో పడ్డాడని తర్వాత విన్నాను.

మామూ ఇంట్లోనూ పరీక్షలయ్యేవి. ఆయనకి అర్థమయ్యేది కాదు గానీ, తృప్తిగా తలూపేవాడు. పరదా వెనక మనిషి మాత్రం ఒక్క మాటే పట్టుకుంది. 'నో ఆయ్' అంటే లేదని నేను చెప్పిన వారానికే, పక్కింటావిడ గిన్నె పట్టుకుని పంచదార కోసమొస్తే లోపల్నుంచి "నో ఆయ్!" అని వినిపించింది. ఆవిడ జడుసుకుని వెళ్లిపోయిందట. "ఇంగ్లీషు పనికొచ్చేదే" అని మా మామూ కూతురు ఒప్పుకుంది.

చివరికి ఆ రోజొచ్చింది. సబ్ కలెక్టరు దొర గురజాల క్యాంపు వస్తున్నాడు, మధ్యాహ్న భోజనం నాచేత పెట్టించి చూపిస్తానని మామూ క్యాంపు గుమస్తాకి మాటిచ్చాడు. "మావాడి ఇంగ్లీషు ముందు పాత బట్లరు ఎందుకూ పనికిరాడండి" అని కూడా చెప్పాడు. దొర మెచ్చితే వచ్చే నెలలో నిఖా. మెచ్చకపోతే పిల్లని సత్తెనపల్లి సంబంధానికిస్తాడు. వాళ్లకి కుట్టుమిషను ఉంది. ఈ సంగతి మామూ నాకు ఆ ఉదయమే చెప్పాడు, కోడిని కోస్తుండగా.

తెల్లకోటు తొడుక్కుని సూపు గిన్నె పట్టుకెళ్లాను. దొర ఎర్రగా, లావుగా ఉన్నాడు. వెనక గుమస్తా. గుమ్మంలో మామూ, బిళ్ల ధగధగా మెరుస్తూ. నేను వంగి, గొంతు సవరించుకుని, "లా సోపా ఎస్తా కాలియెంతే, సెన్యోర్" అన్నాను. అంటే సూపు వేడిగా ఉందండీ అని. దొర చెంచా గాల్లోనే ఆగింది. నావంక చూసి ఏదో అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నెల్లూరు మాటకీ మా మాటకీ తేడా లేదూ? ఈయన ఏ మూల జిల్లా దొరో, యాస వేరేమో అనుకున్నాను. ఏదో అడుగుతున్నాడని మాత్రం తెలిసింది. ఎవరైనా ఏమడుగుతారు, గుడ్డు అడుగుతారు. తెచ్చిపెట్టాను. "ఎల్ వేవో" అన్నాను. దొర తల అడ్డంగా ఊపి మళ్లీ ఏదో అన్నాడు, ఈసారి కొంచెం గట్టిగా. ఒకటి చాలదన్నమాట. ఇంకొకటి తెచ్చాను. నాలుగో గుడ్డు పెట్టినప్పుడు దొర గుమస్తా వైపు తిరిగాడు.

"ఒరేయ్, దొరగారు మిరియాలపొడి అడుగుతున్నారు. నీకసలు ఇంగ్లీషు వచ్చా?" అన్నాడు గుమస్తా.

"వచ్చండి. ఇందాకటినుంచి మాట్లాడుతున్నది అదే గదండీ. తమరికి రాదా అండీ?" అన్నాను, జాలిగానే.

గుమస్తా మొహం మాడిపోయింది. దొరతో మాట్లాడి నావైపు తిరిగాడు. "ఎవర్రా నేర్పింది నీకు?" కారంపూడి పాదిరిగారని చెప్పాను. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకున్నారు. "ఒరేయ్, ఆయన ఇంగ్లీషు దొర కాడు. స్పెయిన్ దేశస్థుడు. నువ్వు మాట్లాడేది స్పానిషు."

గుమ్మంలోంచి మామూ సన్నగా అడిగాడు: "అది ఏ తాలూకా అండీ?"

  సత్తెనపల్లి కుట్టుమిషను చప్పుడు నా చెవుల్లో వినపడింది. దొర మళ్లీ ఏదో అడిగితే గుమస్తా తెలుగులో చెప్పాడు. "నిజం చెప్పమంటున్నారు. ఇంగ్లీషు నీకు ఎంత వచ్చు?"

ఇక దాచేదేముంది? "ఒక్క ముక్క కూడా రాదండి" అన్నాను.

"ఒక్క ముక్క కూడానా?"

"అవును, కాదు అనడం కూడా తెలీదండి."

అప్పుడు దొర నా కళ్లలోకి సూటిగా చూస్తూ ఇంగ్లీషులో ఒక పెద్ద మాట అన్నాడు. నిమిషం పాటు సాగిందది. వింటున్న గుమస్తా చెవులు ఎర్రబడ్డాయి. (ఏమన్నాడో ఆ గుమస్తా నాకు చచ్చేదాకా చెప్పలేదు.) నేను అయిదో గుడ్డు పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. దొర నా మొహాన్ని వెతికి వెతికి, ఏమీ దొరక్క, పెద్దగా నవ్వి, సూపు తాగడం మొదలుపెట్టాడు. తాగుతూనే రెండు ముక్కలు చెప్పాడు.

గుమస్తా నమ్మలేనట్టు చూశాడు. "నిన్ను వేసుకోమంటున్నారు. పాత బట్లరుకి ఇంగ్లీషు రావడం వల్ల తాలూకాలో ఒక్క రహస్యం నిలవలేదట. యుద్ధం రోజుల్లో ఇట్టాంటివాడే కావాలట. ఒక షరతు. ఇంగ్లీషు నేర్చుకున్నావని తెలిస్తే ఆ రోజే పని పోద్ది."

బయటికొచ్చాక మామూ వేపచెట్టు కింద కూర్చుని చాలాసేపు గాలి పీల్చుకున్నాడు. సాయంత్రానికల్లా బజార్లో చెప్పుకుంటున్నాడు: "ఇంగ్లీషు వచ్చి ఉద్యోగాలు తెచ్చుకునేవాళ్లు చానామంది ఉంటారయ్యా. రానందుకు తెచ్చుకున్నాడంటే, ఎంత గట్టిగా రాకపోవాల!"

నిఖా అయిన వారానికి పాదిరిగారి దగ్గరికి వెళ్లాను. కోపంగానే వెళ్లాను. "తమరు నేర్పింది ఇంగ్లీషు కాదంటగా దొరగారూ?"

"నీవు ఆంగ్లము కోరలేదు. నా భాషను కోరితివి."

"నాకు కావాల్సింది ఏందో తమరికి తెలీదా అండీ?"

ఆయన గడ్డం నిమురుకున్నారు. "రెండవ వారముననే తెలిసినది. చెప్పిన యెడల నీవు వెడలిపోవుదువని చెప్పలేదు. అది నా పాపము." వంటింటి వైపు చూశారు. "పదునొకండు సంవత్సరములుగా, ఉప్పు సరిపోయినదా యని నన్ను నా తల్లి భాషలో అడిగినవారు లేరు."

 లోపలికెళ్లి చూస్తే కొత్త వంటవాడు అరల్లో అన్నీ కలగలిపి పెట్టాడు. మగవాళ్లని పైకీ ఆడవాళ్లని కిందికీ సర్ది, రెండు జొన్నరొట్టెలు కొట్టి తెచ్చిపెట్టి, "ఎస్తా బియెన్ దె సాల్?" అన్నాను. ఆ తర్వాత క్యాంపులు లేని ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. యుద్ధం అయిపోయాక ఆయన మాచర్లలో రైలెక్కి తన దేశం వెళ్లిపోయారు. గోంగూర జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, ఎవరో పెద్దావిణ్ణి జాగ్రత్తగా తీసుకెళ్తున్నట్టు.

కొన్నాళ్లకి ఒక ఉత్తరం వచ్చింది. నాకు చదవడం రాదు, ఇంకొకరికి చూపిస్తే ఇంగ్లీషు నేర్చానని పుకారు పుడుతుందేమోనని పెట్టెలో దాచాను. (నలభై దాటేదాకా అక్షరాల జోలికి పోకపోవడానికి ఆ ఉద్యోగధర్మమే కారణమని అందరికీ చెబుతుంటాను. బద్ధకం అని మా ఆవిడ అంటుంది.) నలభై రెండేళ్లకి తెలుగు అక్షరాలు నేర్చుకుని, మొదట తీసింది ఆ ఉత్తరమే. చూస్తే అవి నేను నేర్చుకున్న అక్షరాలు కావు. అప్పుడు ఇంగ్లీషు చదువుతున్న మా అమ్మాయిని కూర్చోబెట్టి పైకి చదవమన్నాను. తను తడుముకుంటూ, తప్పులు పలుకుతూ చదివింది. అక్షరాలు వచ్చిన పిల్లకి అర్థం తెలీదు, అర్థం తెలిసిన నాకు అక్షరాలు తెలీవు. ఇద్దరం కలిసి గంటసేపు కుస్తీ పడితే తేలింది ఇంత: అక్కడ కూడా యుద్ధం తర్వాత రొట్టె సరిగ్గా దొరకడం లేదు, గోంగూర అయిపోయింది, ఉప్పు మాత్రం సరిపోతోంది.

ఇప్పుడు నాకు రక్తపోటు. ఉప్పు మానెయ్యమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా వంటింట్లో అరలు ఇప్పటికీ రెండే, పైన మగవాళ్లు, కింద ఆడవాళ్లు. కోడళ్లు ఎందుకని అడిగితే మా ఆవిడ "మా ఇంటి ఆనవాయితీ" అంటుంది. ఆ కింది అరలో ఉప్పుజాడీ ఎక్కడుందో నేను కళ్లు మూసుకుని చెప్పగలను, కానీ మోకాళ్లు వంగవు. అందుకని పిల్లలకి అర్థం కాకుండా, కంచం ముందు కూర్చుని, ఉప్పుందా అని మెల్లగా అడుగుతాను: "ఆయ్ సాల్?"

పల్నాడు మొత్తం మీద ఆ మాట అర్థమయ్యే రెండో మనిషి నా ఎదురుగా కూర్చుని, తలెత్తకుండా, ఆ రోజు పక్కింటావిడతో అన్నట్టే అంటుంది:

"నో ఆయ్."